ఓ గంటన్నర

ఫోను ఛార్జింగుకి పెడితే, నిండడానికి ఇంకా 1 గంట 47 నిమిషాలు పడుతుందంటుంది. కంప్యూటర్లో పెద్ద ఫైలు ఒకటి కాపీ చేస్తుంటే ఇంకా 2 గంటల 13 నిమిషాల 47 సెకన్లు అంటుంది. రెప్ప వేసేలోగా అది 38 నిమిషాలకి దిగుతుంది, మళ్లీ 4 గంటలకి ఎగబాకుతుంది. అంచనా తప్పడం మీద నాకు కోపం లేదు. ముందున్న ఫైళ్లు ఎంత చిన్నవో, డిస్కు ఎక్కడ నెమ్మదిస్తుందో, మధ్యలో ఇంకో ప్రోగ్రాం దూరి ఎంత వాటా లాక్కుంటుందో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇప్పటిదాకా నడిచిన వేగాన్ని పట్టుకుని మిగిలిన పనిని భాగించడం తప్ప అది చేయగలిగింది లేదు. నా కోపమంతా ఆ 47 సెకన్ల మీదే. గంటల లెక్కే తేలనివాడికి సెకన్ల దగ్గర అంత ధీమా ఏమిటి? బంగారం తూచే త్రాసులో వంకాయలు తూచి, పైగా మిల్లీగ్రాములు పైకి చదివినట్టుంది. 'రెండు గంటల పైనే పట్టొచ్చు' అని ఊరుకుంటే అంచనా తప్పినా మర్యాద దక్కేది. ఎంతసేపు అని అడిగినవాడికి చెప్పే జవాబులో రెండు సంగతులుంటాయి. ఎంతసేపు పడుతుందన్నది ఒకటి, ఆ సంగతి చెప్పేవాడికి ఎంత బాగా తెలుసన్నది రెండోది. రెండోదాన్ని ఎవరూ విడిగా చెప్పరు. గంటలతో చెప్పారా, నిమిషాలతో చెప్పారా, దాని వెనక ఇంకెన్ని చిన్న కొలతలు తగిలించారు అన్నదాన్నిబట్టి వినేవాడే గ్రహించుకుంటాడు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మొదటిదాన్ని లెక్కగా పట్టించుకుని రెండోదాన్ని పైపై అలంకారంగా వదిలేశారని నా ఫిర్యాదు.

వదిలేయడానికి కారణం ఊహించవచ్చు. యంత్రం దగ్గరుండేది ఒక సంఖ్య, 5,400 సెకన్లనో, 54 లక్షల మిల్లీసెకన్లనో. దాన్ని 3,600తో భాగించు, శేషాన్ని 60తో భాగించు, పక్కన పేర్లు అతికించు: ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు తొలిరోజుల్లో చేసే అభ్యాసమే ఇది. అందుకే ఇందులో ఆలోచించడానికేముందన్న చులకన. చులకన చేసినచోటే కాలు జారుతుంది. 119.7 సెకన్లని ముందు విడగొట్టి తర్వాత సవరిస్తే '1 నిమిషం 60 సెకన్లు' అని వస్తుంది. ముందు సవరించి తర్వాత విడగొట్టి ఉంటే రెండు నిమిషాలని వచ్చేది. పైథాన్ భాషని 'గంట వెనక్కి' అన్న వ్యవధి అచ్చు వేయమంటే 'మైనస్ 1 రోజు, 23 గంటలు' అని వేస్తుంది. ఒక రోజు వెనక్కి వెళ్లి అక్కణ్నించి 23 గంటలు ముందుకి రమ్మని దాని భావం. లెక్క ప్రకారం తిరుగులేదు, మాట ప్రకారం అర్థం లేదు. ఎక్సెల్‌లో వారమంతా చేసిన పనిగంటలు కూడితే 30 కనిపించాల్సినచోట 6 కనిపిస్తుంది. 24 దాటగానే అది రోజు మారిందనుకుంటుంది కాబట్టి, గంటల గుర్తుని చదరపు బ్రాకెట్లలో బంధిస్తే తప్ప దారికి రాదు. నిన్న రాసిన ఉత్తరం పక్కన 'యాభై అయిదేళ్ల క్రితం' లాంటి మాట కనిపించిందంటే అసలు తేదీ నమోదే కాలేదన్నమాట. ఖాళీగా ఉన్న సున్నాని యంత్రం 1970 జనవరి 1గా చదువుకుంది. ఇవన్నీ తప్పులే గాని, దొరికితే ఒక పూటలో దిద్దుకునే తప్పులు. లెక్క ఒప్పయ్యాక మిగిలే చిక్కు వేరే ఉంది.

గంట దాటి పైకి పోయేకొద్దీ లెక్క కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. నెల అంటే 28 నుంచి 31 రోజుల దాకా ఏదైనా కావచ్చు. ఏడాది 365 కావచ్చు, 366 కావచ్చు. మన దేశంలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పే అలవాటు లేదు గనక రోజంటే 24 గంటలేనని నిశ్చింతగా ఉంటాం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లకి మార్చి రెండో ఆదివారం 23 గంటలే, నవంబర్ మొదటి ఆదివారం 25 గంటలు. సమోవా దేశంలో 2011 డిసెంబర్ 30 అనే రోజే రాలేదు. తేదీ రేఖకి అటు పక్కనుంచి ఇటు పక్కకి మారడం కోసం ఆ శుక్రవారాన్ని మొత్తంగా వదిలేశారు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లు ఈ కొలతలని ఒక గాటన కట్టరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వ్యవధిని నెలలు, రోజులు, మైక్రోసెకన్లు అని మూడు ముక్కలుగా విడివిడిగా దాచుకుంటుంది. జావా భాషలో 2014 నుంచి గడియారపు వ్యవధికి ఒక రకం, క్యాలెండర్ వ్యవధికి ఇంకో రకం. గో భాష ఇంకా ఖచ్చితం: గంట కన్నా పెద్ద కొలతే ఇవ్వను పొమ్మంటుంది, మూడు రోజుల్ని 72 గంటలనే చెబుతుంది. వ్యవధులు రాయడానికి ఐఎస్ఓ 8601 ప్రమాణం ఒక పద్ధతి పెట్టింది గాని, అందులో నెలకీ ఎం అక్షరమే, నిమిషానికీ ఎం అక్షరమే. మధ్యలో టీ అనే అక్షరం వస్తే నిమిషం, రాకపోతే నెల. ఆ ఒక్క అక్షరం ఎగిరిపోతే నిమిషం కాస్తా నెలవుతుంది. యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే భాష అది, వాటి తంటాలు అవి పడతాయి. కానీ అంత జాగ్రత్తగా దాచుకున్న వ్యవధి తెర మీదికి వచ్చేసరికి ఆ జాగ్రత్తంతా ఎటుపోతుందన్నదే నాకు అంతుపట్టదు.

దీన్ని పట్టించుకున్నవాళ్లు అసలు లేరంటే అబద్ధమవుతుంది. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్‌లో, మొమెంట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ఈ పని కోసమే పనిముట్లున్నాయి. సంఖ్య ఇస్తే అవి మాటలు చెబుతాయి. వాటి లోపలికి తొంగి చూస్తే గణితం కన్నా అభిరుచి ఎక్కువ కనిపిస్తుంది. 45 నిమిషాల నుంచి 89 నిమిషాల దాకా ఏదైనా రెండింటికీ గంటే. ఇక్కడిదాకా పొత్తు కుదిరింది. 40 గంటలు ఇవ్వండి: రైల్స్ ఒక రోజంటుంది, మొమెంట్ రెండు రోజులంటుంది. 26 రోజులు ఇవ్వండి: రైల్స్ 26 రోజులనే చెబుతుంది, మొమెంట్ మాత్రం నెల అనేస్తుంది. మొమెంట్‌కి 320 రోజుల నుంచి 547 రోజుల దాకా అంతా ఒక సంవత్సరమే. పదిన్నర నెలలు గడిచినా ఏడాదే, ఏడాదిన్నర కావస్తున్నా ఏడాదే. రైల్స్ ఈ ఒక్కచోట మాత్రం కాస్త మనసు పెట్టింది. ఏడాదీ మూడు నెలలు దాటితే ఏడాది పైన అంటుంది, ఏడాదీ తొమ్మిది నెలలు దాటితే ఇంచుమించు రెండేళ్లు అంటుంది. ఈ గీతలు ఇక్కడే ఎందుకు గీశారంటే శాస్త్రం చూపించేవాళ్లు లేరు. ఎవరికో అలా అనిపించింది, గీశారు. అలా అనిపించడాన్ని నేను తప్పు పట్టను, మెచ్చుకుంటాను. ఎక్కడో ఒక మనిషి కూర్చుని 'నలభై గంటలైతే మామూలు మనిషి ఏమంటాడు?' అని ఆలోచించాడు. ఆలోచన వచ్చింది ఇంగ్లీషులో కాబట్టి జవాబూ ఇంగ్లీషులోనే వచ్చింది, మిగతా భాషలకి ఆ గీతల్నే పంచిపెట్టారు. తెలుగులో ఆలోచించి ఉంటే గీతలు ఇంకోచోట పడేవి.

ఎందుకంటే ఉజ్జాయింపు చెప్పడంలో తెలుగు చెయ్యి తిరిగిన భాష. 'సుమారుగా' అని వేరే మాట అతికించే పని దానికి అరుదు, సంఖ్యలోనే పొదిగేస్తుంది. రెండు మూడు రోజులు, నాలుగైదు నిమిషాలు, ఏడెనిమిది గంటలు, పది పదిహేను రోజులు, ఇరవై ముప్పై ఏళ్లు. ఇందులో ఒక చమత్కారం గమనించండి. సంఖ్య చిన్నదైతే జంటలో రెండో అంకె ఒక్క మెట్టే పైన ఉంటుంది. పది దగ్గరికి వచ్చేసరికి అయిదు మెట్లు ఎగురుతుంది. ఇరవై దగ్గర పది. కొలిచేది పెరిగేకొద్దీ తప్పడానికి వదిలే జాగా కూడా దామాషాగా పెరుగుతోంది. ఏ ప్రయోగశాలలోనైనా కొలతతో పాటు దోష పరిధి రాయమంటారు. ఇక్కడ బడి మొహం చూడనివాళ్లు కూడా ఆ పరిధిని మాటలోనే పెట్టి చెబుతున్నారు. వారం పది రోజులు అన్నప్పుడైతే ఏడుకీ పదికీ మధ్య జాగా, రెండు వేర్వేరు కొలతల్లో. పావుగంట, అరగంట, ముప్పావుగంట, గంటన్నర, నెలన్నర, ఏడాదిన్నర అని పావులూ అరలూ ఉండనే ఉన్నాయి. గంటన్నర అన్న మాట 80 నిమిషాలనీ మోస్తుంది, 100 నిమిషాలనీ మోస్తుంది. '1 గంట 30 నిమిషాలు' అన్నది 91 నిమిషాలని కూడా మోయలేదు. రెండింటి విలువా ఒకటే, రెండింటి హామీ ఒకటి కాదు. 'ఓ' అని ఒకే ఒక్క అక్షరం ఉంది, దాని పనితనం చెప్పుకోవాలి. ఒక గంట ఆగమంటే గడియారం చూసుకుంటాం. ఓ గంట ఆగమంటే పుస్తకం తీసుకుంటాం. 45 నిమిషాల నుంచి 89 నిమిషాల దాకా అన్నిటికీ మొమెంట్ తెలుగులో చెప్పే మాట 'ఒక గంట'. అక్కడ ఉండాల్సింది 'ఓ గంట'. అక్షరం ఒకటి తగ్గితే నిజం కూడా దక్కేది.

మనుషులకి అంకెలే ఇష్టం, పక్కాగా చెబితేనే నమ్ముతారు అనేవాళ్లుంటారు. దీనికి ఆధారం లేకపోలేదు. పని ఎంత శాతం అయిందో చూపించే పట్టీ ఉంటే జనం దాన్ని కోరుకుంటారని 1985లోనే బ్రాడ్ మయర్స్ పరిశోధన చేసి చూపించాడు. జవాబు పది సెకన్లకి మించి ఆలస్యమైతే మనిషి దృష్టి చెదురుతుంది గనక ఎంత పని అయిందో చెబుతుండాలని జేకబ్ నీల్సన్ 1993 పుస్తకంలో రాశాడు. రెండూ ఒప్పుకుంటాను. అయితే వాళ్లు చెప్పింది ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టవద్దని. కదిలే పట్టీ ఆ పని చేస్తుంది. సెకన్లు చదివి వినిపించడం వేరే పని. పక్కా సంఖ్య కావాల్సిన చోట్లు నిజంగానే ఉన్నాయి: కూలి లెక్కగట్టే పనిగంటలు, ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పటినుంచి గడిచిన సమయం, పరుగుపందెం. వీటిలో సంఖ్యని కొలిచారు కాబట్టి దాన్ని అలాగే చెప్పాలి, ఒక్క సెకను కూడా మింగకూడదు. కొలిచినదానికీ ఊహించినదానికీ ఒకే దుస్తులు వేస్తేనే నా గొడవ. రైలు ఎంత ఆలస్యమో స్టేషన్‌లో '2 గంటల 10 నిమిషాలు' అని వినిపిస్తుంది. అది విన్న మనిషి ఇంటికి ఫోన్ చేసి 'రెండు గంటల పైనే లేటు' అని చెబుతాడు. ఆ పది నిమిషాలు నిలబడవని దేశంలో అందరికీ తెలుసు. ప్రతి శ్రోతా తన చెవిలోనే ఆ సంఖ్యని దిద్దుకుంటున్నప్పుడు, ఆ దిద్దుబాటు పని చెప్పేవాడే చేస్తే తప్పేముంది?

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. సవరించడమంటే ఎటువైపు సవరించాలి, ఎవరిష్టం అది? నిజమే, ఇదే అసలు ప్రశ్న. రైలు కదలడానికి 9 నిమిషాల 40 సెకన్లు ఉందనుకోండి, ప్రయాణికుడికి 9 నిమిషాలనే చెప్పాలి. అవే 9 నిమిషాల 40 సెకన్లలో భోజనం పార్సిల్ వస్తుందనుకోండి, 10 నిమిషాలని చెప్పాలి. ఒకచోట ఎక్కువ చెబితే బండి తప్పిపోతుంది, ఇంకోచోట తక్కువ చెబితే ఆకలి మీద కోపం తోడవుతుంది. ఓటీపీ గడువు కిందికే సవరించాలి. పది సెకన్ల కౌంట్‌డౌన్ పైకి సవరించాలి, లేకపోతే 10 అన్న అంకె కనిపించీ కనిపించకుండా పోతుంది, చివర్లో సున్నా ఒక సెకను సేపు వెక్కిరిస్తూ నిలబడుతుంది. గడిచిపోయిన కాలం మాత్రం కిందికే రావాలి. పద్దెనిమిదో పుట్టినరోజుకి ఒక్క రోజు ముందు కూడా ఎవరికీ పద్దెనిమిదేళ్లు నిండవు, ఓటరు జాబితావాళ్లని అడిగినా అదే చెబుతారు. అంటే సెకన్ల సంఖ్య ఒక్కటే చేతిలో పెట్టి దీన్ని మాటల్లోకి మార్చమంటే ఎంత తెలివైన పనిముట్టయినా సరిగ్గా మార్చలేదు. అది ఊహా, కొలతా, గడువా, వయసా, తప్పితే ఎవరికి నష్టం అన్నది కూడా చెప్పాలి. నేను చూసిన లైబ్రరీల్లో దేనికీ ఈ సంగతి చెప్పడానికి గడి లేదు. సంఖ్య అడుగుతాయి, భాష అడుగుతాయి, పొడుగు మాట కావాలా పొట్టి మాట కావాలా అని అడుగుతాయి. ఎందుకు అని మాత్రం అడగవు. ఈమధ్య బ్రౌజర్లకి కొత్తగా వచ్చిన వ్యవధి పనిముట్టయితే ఇంకా వినయం చూపించింది. 90 నిమిషాలని ఇస్తే 90 నిమిషాలనే రాస్తుంది, గంటన్నరగా మార్చే బాధ్యత తనది కాదంటుంది. తెలియనప్పుడు చెయ్యి పెట్టకపోవడం మంచిదే గనక దాన్ని నేను తప్పు పట్టలేను. బాధ్యత మాత్రం మళ్లీ ఆ 3,600తో భాగించే కుర్రాడి నెత్తినే పడింది.

ఇక అతికింపుల సంగతి. దీని గురించి ఎక్కువ మాట్లాడతానని తెలిసే ఇంతసేపు ఆపుకున్నాను. మొమెంట్ తెలుగు ఫైలులో ఒకచోట '3 రోజులు' అని తయారవుతుంది, ఇంకోచోట దానికి 'క్రితం' అని తోక తగులుతుంది. వచ్చేది '3 రోజులు క్రితం'. భవిష్యత్తుకైతే '3 రోజులు లో'. తెలుగు వాక్యం అలా నడవదని రెండో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. రోజులు అన్నది క్రితం ముందు రోజుల అవుతుంది, లో కలిస్తే రోజుల్లో అవుతుంది. వ్యాకరణం పేరెత్తక్కర్లేదు, నోరు తిరగడాన్నిబట్టే తెలిసిపోతుంది. ఇది ఆ లైబ్రరీ చేయలేని పనేమీ కాదు. అదే లైబ్రరీ జర్మన్ ఫైలు తెరిస్తే, విడిగా చెప్పే రోజులకి ఒక రూపం, 'క్రితం' అన్న అర్థంలో వచ్చే రోజులకి ఇంకో రూపం, ఎవరో ఓపిగ్గా పక్కపక్కన రాసి పెట్టారు. జర్మన్ వాళ్లకి వచ్చిన అవసరమే మనకీ వచ్చింది, వాళ్లలో ఒకరు కూర్చుని రాశారు. 2020 సెప్టెంబర్‌లో మొమెంట్‌ని నడిపేవాళ్లే ఇక కొత్త హంగులు చేర్చం, వేరేవాటికి మారండని ప్రకటించారు. కానీ అప్పటికే అతికించిన చోట్ల అది అతుక్కునే ఉంది. యూనికోడ్ సంస్థ నడిపే సీఎల్‌డీఆర్ భాండాగారంలో తెలుగు సరిగ్గా ఉంది. అక్కడ ముక్కలు అతికించరు, 'రోజుల క్రితం', 'రోజుల్లో' అని మొత్తం మాటని భాష తెలిసినవాళ్ల చేత రాయించి పెట్టుకుంటారు, మధ్యలో సంఖ్యకి మాత్రం ఖాళీ వదులుతారు. ఒకటికీ అనేకానికీ తేడా ఏ భాషలో ఎన్ని రకాలన్నది కూడా అక్కడే ఉంటుంది. అరబిక్‌కి ఆరు రకాలు, జపనీస్‌కి ఒక్కటే, తెలుగుకి రెండు. రెండే అయినా '1 గంటలు' అన్న మాట మన తెరల మీంచి ఇంకా పోలేదు. మనకి ఉన్న సులువు కూడా వాడుకోలేదన్నమాట. రైల్వే ప్రకటనలు ముక్కలుగా రికార్డు చేసి కలిపి వినిపిస్తారు కాబట్టి అంకె దగ్గర ఒక గొంతు, నిమిషాల దగ్గర ఇంకో స్థాయి వినపడుతుంది. ఆ అతుకు చెవికి తెలుస్తుంది గనక ఎవరూ మోసపోరు. రాతలో అతుకు కనిపించదు, తెలుగే ఇలా ఉంటుందేమో అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. చిన్నప్పటినుంచీ '3 రోజులు క్రితం' చదువుతూ పెరిగిన కంటికి కొన్నాళ్లకి అదే ఒప్పవుతుంది.

తెలుగువాళ్లు ఫోన్లని ఇంగ్లీషులోనే వాడతారు కదా, వాడనిదానికి ఇంత మరమ్మతు దేనికి అని అడిగేవాళ్లకి జవాబు సగం వాళ్ల ప్రశ్నలోనే ఉంది. '3 రోజులు లో' అని రాసే తెలుగుని ఎవరు వాడతారు? మిగతా సగం ఏమిటంటే, తెర పోయి గొంతు వస్తోంది. రాతలో '1 గం. 30 ని.' అని కుదించి తప్పించుకోవచ్చు. గట్టిగా చదవాల్సి వచ్చినప్పుడు ఆ పొట్టి రాత పనికిరాదు, మొత్తం మాట కావాలి, అప్పుడు ఏ మాట అన్న ప్రశ్న తప్పదు. ఖర్చు మాటంటారా, ప్రతి భాషకీ అరలూ పావులూ జంటలూ రాసుకుంటూ కూర్చోవాలంటే అయ్యే పనేనా అని. అన్నీ ఒక్కరే రాయక్కర్లేదు. ఎవరి భాషకి వాళ్లు ఒక్కసారి, ఒక్కచోట రాస్తే చాలు, ఇరవై ముప్పై మాటలకి మించవు. 'నిన్న'కి అవతల ఇంకో రోజు ఉంటుందని ఇంగ్లీషుకి ఒక్క మాటలో తెలియదు. సీఎల్‌డీఆర్‌లో తెలుగుకి మొన్న ఉంది, ఎల్లుండి ఉంది. ఎవరో అడిగి పెట్టించారు కాబట్టే ఉన్నాయి. గంటన్నరకి మాత్రం ఇంకా గూడు దొరకలేదు.

ఆ మాటకొస్తే మొన్న అన్నది వ్యవధే కాదు. రాత్రి 11 గంటలకి వచ్చిన కబురుని ఒంటి గంటకి చూస్తే అది రెండు గంటల క్రితందా, నిన్నటిదా? గడియారం ఒకటంటుంది, నిద్రపోయి లేచిన మనిషి ఇంకోటంటాడు, నిద్రపోని మనిషి ఇంకా ఈ రోజే నడుస్తోందంటాడు. పంచాంగం కూడా ఆ మాటే అంటుంది, దానికి రోజు మొదలయ్యేది సూర్యోదయంతో. అక్కడ రోజుకి 60 గడియలు, గడియకి 24 నిమిషాలు, గడియకి 60 విగడియలు, అంటే విగడియకి 24 సెకన్లు. రెండు గడియలు ఒక ముహూర్తం, మూడు గంటలు ఒక జాము. పంచాంగకర్త విగడియల దాకా రాస్తాడు, అతను తిథిని లెక్కగట్టి తేల్చాడు కాబట్టి రాయడానికి హక్కుంది. ఆ పంచాంగం చూసి పెళ్లికి బయల్దేరిన మనిషి మాత్రం జాము పొద్దెక్కాక వస్తానంటాడు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజు, ఎవరూ గాభరా పడలేదు. వ్యవధికి కొలత ఎవరి పనిని బట్టి వాళ్లదని అప్పుడందరికీ తెలుసు. సినిమా వాళ్లనే చూడండి. ఫిల్ము ఉన్నన్నాళ్లూ సినిమా ఎంతసేపు అన్నదానికి జవాబు గంటల్లో ఉండేది కాదు, సెన్సారు సర్టిఫికెట్ మీద మీటర్లలో, రీళ్లలో ఉండేది. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు నిండా ఉంటే 11 నిమిషాలు. 4,500 మీటర్లంటే 2 గంటల 44 నిమిషాలు. ప్రొజెక్టర్ గదిలో ఆపరేటరుకి ఈ భాగహారంతో పని లేదు, ఆరో రీలు అయ్యాక ఏడోది ఎక్కించాలన్నదే అతని గడియారం. ఎడిటరుకి అడుగులు కావాలి, పాటలో రెండడుగులు కోస్తే ఎంత ఊపిరి తగ్గుతుందో అతని చేతివేళ్లకి తెలుసు. నేల టికెట్టు ప్రేక్షకుడు కూడా పదహారు రీళ్ల సినిమా అంటే ఎంతసేపో అడగకుండానే గ్రహించేవాడు, పద్దెనిమిది రీళ్లంటే కాస్త సణిగేవాడు. డిజిటల్ వచ్చాక రీళ్లు పోయాయి, సర్టిఫికెట్ మీద నిమిషాలూ సెకన్లూ వచ్చాయి. సెకన్లు ఎందుకయ్యా అంటే, కోత పడినప్పుడు ఎంత పోయిందో తేలాలి కదా అంటారు. ఆ కారణం నాకు సబబుగానే ఉంది.